టీవీ రేటింగ్ చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: స్పిన్-ఆఫ్ నిలబడుతుందా?

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క చేశారా? 2013 సెప్టెంబర్ 24న అమెరికాలో ఏబీసీ ఛానెల్‌లో ‘ఏజెంట్స్ ఆఫ్ షీల్డ్’ అనే మార్వెల్ షో మొదలైంది. మొదటి ఎపిసోడ్ చూసినవాళ్ళు మొత్తం కోటీ 21 లక్షల మంది. 18-49 వయసు వాళ్ళలో రేటింగ్ 4.7. అయితే ఆ వయసు వాళ్ళు ఎంతమంది చూసినట్టు అని అడిగాను.

జవాబు సుమారు 61 లక్షలు. అమెరికాలో ఆ వయసు జనం అప్పటికి దాదాపు 13 కోట్లు. ఒక పాయింటు అంటే అందులో నూటికి ఒకరు, అంటే 13 లక్షలు. దాన్ని 4.7తో గుణిస్తే సరిపోతుంది. మీకు 5.7 లక్షలు వచ్చిందంటే కోటీ 21 లక్షల్లో 4.7 శాతం తీశారన్నమాట. కంగారు పడకండి, మొదట్లో దాదాపు అందరం అక్కడే తప్పుతాం. రేటింగ్ లెక్కకట్టేది చూసినవాళ్ళలోంచి కాదు, ఆ వయసులో టీవీ ఉన్న జనం మొత్తంలోంచి. ఈ ఒక్క ముక్క గట్టిగా పట్టుకోండి, ఈ పాఠం అంతా దాని మీదే నడుస్తుంది.

ఇవాళ్టి పని స్పిన్-ఆఫ్. ఒక షోలో జనానికి నచ్చిన పాత్రనో, జంటనో బయటికి తీసి వాళ్ళకి వేరు కాపురం పెట్టించడం. అసలు షోని తల్లి షో అనీ, కొత్తదాన్ని పిల్ల షో అనీ అనుకుందాం, రాసుకోవడానికి తేలిక. నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసి నిలువుగా నాలుగు గళ్ళు గీయండి. మొదటి గడిలో తల్లి షో రేటింగ్, రెండో దాంట్లో పిల్ల షోది, మూడో దాంట్లో ఛానెల్ సగటు. నాలుగో గడి ఇప్పటికి ఖాళీగా ఉంచండి.

ముందు కలిసొచ్చిన కేసు చూద్దాం. 2012 అక్టోబర్ 10న సీడబ్ల్యూ ఛానెల్‌లో ‘యారో’ మొదలైనప్పుడు సుమారు 41 లక్షల మంది చూశారు. మరుసటి ఏడాది డిసెంబర్‌లో రెండు ఎపిసోడ్లలో బ్యారీ ఆలెన్ అనే కుర్రాడిని తీసుకొచ్చారు. మొదట్లో అనుకున్నది ఏమిటంటే, అదే సీజన్ 20వ ఎపిసోడ్‌ని అతని కొత్త షోకి శాంపిల్‌గా తీయాలని. దీన్ని బ్యాక్‌డోర్ పైలట్ అంటారు. ఇందులో ఉన్న తెలివి చూడండి. కొత్త షో కుదిరినా కుదరకపోయినా ఆ ఎపిసోడ్ ఎలాగూ తల్లి షోలో భాగంగా ప్రసారమవుతుంది, పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు. కానీ ఛానెల్ వాళ్ళకి బ్యారీ ఎంత నచ్చాడంటే, తల్లి షోలో శాంపిల్ ఆలోచన మానేసి నేరుగా విడిగా పైలట్, అంటే శాంపిల్ ఎపిసోడ్, తీయించారు. 2014 అక్టోబర్ 7న అతని షో ‘ది ఫ్లాష్’ మొదటి ఎపిసోడ్‌కి 48 లక్షల మంది. తల్లి ఎనిమిది సీజన్లు నడిస్తే పిల్ల తొమ్మిది సీజన్లు నడిచింది.

ఇలాంటివి అరుదు. అందుకే మొదటి రోజు అంకెని చూసి పొంగిపోవద్దని చెప్తాను. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది గానీ, మొదటి ఎపిసోడ్ ఆ మెతుకు కాదు. ఆ రోజు చూసేవాళ్ళలో తల్లి షో అభిమానులుంటారు, నెలల తరబడి ప్రోమోలు చూసి సరే ఏముందో చూద్దామని వచ్చినవాళ్ళుంటారు, ముందు ప్రోగ్రాం అయ్యాక ఛానెల్ మార్చకుండా అలాగే కూర్చున్నవాళ్ళుంటారు. ఈ చివరి రకాన్ని తెచ్చిపెట్టే ముందు ప్రోగ్రాంని లీడ్-ఇన్ అంటారు. ఆరంభశూరత్వం ఎంత, అసలు బలం ఎంత అన్నది రెండో వారం నుంచి నాలుగో వారం లోపల తేలుతుంది. మీ రెండో గడిలో రాయాల్సింది నాలుగో వారం అంకె.

ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన కేసు. ఈ విద్య మొత్తంలో నేను ఒక్క ఉదాహరణే ఎంచుకోవాలంటే ఇదే ఎంచుకుంటాను. ‘సూపర్‌గర్ల్’ యారో కడుపున పుట్టిన షో కాదు, వేరే ఇంట్లో పుట్టి దత్తత వచ్చింది. 2015 అక్టోబర్ 26న సీబీఎస్‌లో మొదలైంది. రాత్రి ఎనిమిదిన్నరకి, అంతకు ముందు అరగంట ‘ది బిగ్ బ్యాంగ్ థియరీ’. అప్పట్లో అమెరికా టీవీలో దాన్ని మించిన కామెడీ లేదు. అంత గట్టి లీడ్-ఇన్ వెనక వచ్చి కోటీ 30 లక్షల మందిని రాబట్టింది, రేటింగ్ 3.1. 2016 ఏప్రిల్‌లో సీజన్ ముగిసేసరికి చూసేవాళ్ళు సుమారు 61 లక్షలు. సగం కంటే తక్కువ. మే నెలలో సీబీఎస్ వదులుకుంటే సీడబ్ల్యూ తీసుకుంది. ఖర్చు తగ్గించడానికి షూటింగ్‌ని లాస్ ఏంజెలెస్ నుంచి కెనడాలోని వాంకూవర్‌కి మార్చారు. అక్టోబర్ 10న రెండో సీజన్ మొదలైతే చూసినవాళ్ళు 30 లక్షలు.

61 లక్షలు ఉన్నప్పుడు సీబీఎస్‌లో చోటు పోయింది. అందులో సగం మంది చూస్తే సీడబ్ల్యూలో సంబరం. ఆ తర్వాత 2021 నవంబర్ దాకా నడిచింది, మొత్తం ఆరు సీజన్లు.

ఇది వింత కాదు. ఊళ్ళో చిన్న కిరాణా కొట్టుకి రోజుకి పదివేల బేరం జరిగితే పండగ. అదే పదివేలు పట్నంలో మెయిన్ రోడ్డు మీద పెద్ద షాపుకి వస్తే అద్దెకి కూడా చాలవు. సీబీఎస్‌కి రాత్రి ఎనిమిది గంటల సమయం మెయిన్ రోడ్డు షాపు. అక్కడ ఇంకొక షో పెడితే ఇంతకంటే ఎక్కువ వస్తుందా అన్నదే వాళ్ళ ప్రశ్న. అందుకే మూడో గడి. షో రేటింగ్‌ని ఛానెల్ సగటుతో భాగించండి. ఒక ఛానెల్ సగటు 2.0 అనుకుందాం, షోకి 1.4 వచ్చింది, భాగిస్తే 0.7. ఇంకో ఛానెల్ సగటు 0.6, షోకి 0.8, భాగిస్తే 1.3. మొదటి షోని దాదాపు రెట్టింపు మంది చూస్తున్నా టెన్షన్ పడాల్సింది దాని అభిమానులే. 1 దాటితే నిశ్చింతగా ఉండొచ్చు, 0.7 కిందికి పోతే నాలుగో గడి చూడాలి. ఇవి నేను నా లెక్కలకి పెట్టుకున్న హద్దులు, రాజ్యాంగం కాదు. చేస్తూ పోతే మీ హద్దులు మీకే కుదురుతాయి.

నాలుగో గడికి వెళ్ళే ముందు అసలు రేటింగే రాకుండా ముగిసిపోయిన స్పిన్-ఆఫ్ ఒకటి చెప్పాలి. ‘ఏజెంట్స్ ఆఫ్ షీల్డ్’లో బాబీ మోర్స్, హంటర్ అనే జంట ఉండేది. వాళ్ళకి ‘మోస్ట్ వాంటెడ్’ పేరుతో వేరే షో పెడదామనుకున్నారు. 2015 మేలో ఏబీసీ ఒకసారి వద్దంది, ఆగస్టులో మళ్ళీ పైలట్ తీయమంది. దాంతో 2016 మార్చిలో తల్లి షో నుంచి ఇద్దరినీ సాగనంపారు. ఆ ఎపిసోడ్ చివరి సీను దొరికితే చూడండి. బార్‌లో ఇద్దరూ ఒక మూల కూర్చుని ఉంటారు. ఇక మీద వాళ్ళని ఎవరూ ఎరగనట్టే ఉండాలి, దగ్గరికి వెళ్ళి వీడ్కోలు చెప్పే వీలు లేదు. అడగని మందు గ్లాసు ఒకటి వాళ్ళ టేబుల్ మీదికి వస్తుంది. తర్వాత ఇంకోటి. తలెత్తి చూస్తే, బార్ నిండా వేర్వేరు చోట్ల, అపరిచితుల్లా కూర్చున్న తమ జట్టు. ఒక్కొక్కరూ ఒక్కో గ్లాసు పంపారు. మాట లేదు, గ్లాసు ఎత్తడం, కళ్ళు తుడుచుకోవడం, అంతే. ఇన్నేళ్ళ తర్వాత చూసినా నాకు గొంతు పట్టేస్తుంది.

2016 మే 12న ఏబీసీ ఆ కొత్త షోని వద్దంది. అదే రోజు ఇంకో మార్వెల్ షో ‘ఏజెంట్ కార్టర్’ని కూడా రెండు సీజన్లకే ఆపేసింది. సాగనంపిన ఇద్దరికీ వెళ్ళడానికి ఇల్లే లేకుండా పోయింది. పిల్ల షోకి రేటింగ్ లేదు కదా, మరి దేన్ని బట్టి తూచారు? నేను చదివినంతలో, తల్లి అంకెను బట్టే. 4.7తో మొదలైన షీల్డ్ ఆ వసంతానికి ప్రసారం రోజు లెక్కలో 1 కంటే కిందికి వచ్చేసింది. తల్లి దగ్గరే లేని జనాన్ని పిల్ల ఎక్కడి నుంచి తెస్తుంది? కాబట్టి స్పిన్-ఆఫ్ వార్త విన్న రోజే మొదటి గడి నింపండి. తల్లి ఎక్కుతుందా, దిగుతుందా అన్నది ఒక్క వారం చూస్తే తెలియదు, రెండు సీజన్లు వరసగా రాయాలి.

ఇక నాలుగో గడి. అందులో రాయాల్సింది ఒక పేరు: ఆ షోని తీసిన స్టూడియో ఎవరిది?

1 కంటే కిందికి పోయిన షీల్డ్ 2020 దాకా ఏడు సీజన్లు, 136 ఎపిసోడ్లు ఎలా నడిచింది? శుక్రవారానికి మార్చారు, ఆ తర్వాత ఎండాకాలానికి మార్చారు, ఎపిసోడ్లు తగ్గించారు, కానీ ఆపలేదు. ఏబీసీ డిస్నీదే, షీల్డ్ తీసిన మార్వెల్ కూడా డిస్నీదే. అలాంటప్పుడు ప్రకటనల డబ్బు తగ్గినా విదేశాలకి, స్ట్రీమింగ్‌కి అమ్మిన డబ్బు అదే ఇంటికి చేరుతుంది. బయటి స్టూడియో షో అయితే ఛానెల్ ఫీజు కడుతుంది, చేతికొచ్చేది మాత్రం ప్రకటనల డబ్బే.

సీడబ్ల్యూది ఇంకా స్పష్టమైన కథ. 2006లో పుట్టినప్పటి నుంచి 2022 దాకా అందులో సగం సీబీఎస్‌ది, సగం వార్నర్ బ్రదర్స్‌ది. యారో కుటుంబం మొత్తం తీసింది వార్నర్ స్టూడియో. 2011లో నెట్‌ఫ్లిక్స్‌తో ఒప్పందం కుదిరాక, ఛానెల్‌కి ప్రకటనల్లో మిగలకపోయినా యజమానులకి అమ్మకాల్లో మిగిలేది. 2020 జనవరిలో ఒక్క దెబ్బకి 13 షోలని పొడిగించారంటే ఆ ధైర్యం అక్కడిదే. వాటిలో కొన్నింటి రేటింగ్ ఇంకే పెద్ద ఛానెల్‌లోనైనా రెండు నెలలు కూడా నిలవనిచ్చేది కాదు.

మనలాంటి వాళ్ళం ఈ లెక్కలో ఎక్కడ ఉన్నామో కూడా ఇక్కడే తెలుస్తుంది. మన టీఆర్పీలు బార్క్ ఇచ్చినట్టే అక్కడ రేటింగ్ ఇచ్చేది నీల్సన్. విజయవాడలో కూర్చుని ఫ్లాష్ మొత్తం రెండుసార్లు చూసినా దానికి పట్టదు. ఆ రోజుల్లో డల్లాస్‌లో ఉన్న మీ అక్కయ్య వాళ్ళు చూసినా, నీల్సన్ ఎంచుకున్న ఇళ్ళలో వాళ్ళది లేకపోతే అదీ పట్టేది కాదు. అయినా విదేశీ హక్కులకి ధర పలికేది మనలాంటి వాళ్ళు చూస్తారనే. రేటింగ్‌లో లేని మనం నాలుగో గడిలో ఉన్నాం.

2019లో ఆ నెట్‌ఫ్లిక్స్ ఒప్పందాన్ని పొడిగించలేదు. అప్పటికే నడుస్తున్న షోలు పాత పద్ధతిలోనే వెళ్ళాయి, కొత్తవి వెళ్ళలేదు. 2022కల్లా ఛానెల్‌నే అమ్మకానికి పెట్టారు. ఆ ఏప్రిల్ 29న ఒకే రోజు ‘బ్యాట్‌వుమన్’నీ, ‘లెజెండ్స్ ఆఫ్ టుమారో’నీ ఆపేశారు. లెజెండ్స్ యారోకీ ఫ్లాష్‌కీ కలిపి పుట్టిన పిల్ల, 110 ఎపిసోడ్లు నడిచింది. ఏడో సీజన్ చివర జట్టంతా అరెస్టయి వ్యాను ఎక్కుతుంది, తర్వాత ఏమైందో చెప్పే ఎపిసోడే రాలేదు. అక్టోబర్‌లో ఛానెల్‌లో 75 శాతం వాటా నెక్స్‌టార్ అనే వేరే టీవీ కంపెనీ చేతికి వెళ్ళింది. అభిమానులు ఆ ఏడాది రేటింగ్ ఎంత పడిందా అని వెతికారు. రేటింగ్ ఎప్పుడూ తక్కువే. మారింది నాలుగో గడి.

ఈ వారం అభ్యాసం. ఛానెల్ సగటు 0.9. తల్లి షో పోయిన ఏడాది 1.5, ఈ ఏడాది 1.2. పిల్ల షో మొదటి వారం 1.3, రెండో వారం 1.0, నాలుగో వారం 0.7. లీడ్-ఇన్ తల్లి షోయే. తీసింది బయటి స్టూడియో. రెండో సీజన్ వస్తుందా, రాదా? ఛానెల్ సొంత స్టూడియోనే తీసి ఉంటే మీ జవాబు మారుతుందా? నాలుగు గళ్ళూ నింపి, ఒక్కో జవాబు కింద కారణం రెండు వాక్యాల్లో పెన్సిల్‌తో రాసి ఉంచండి. వచ్చే పాఠం మొదట్లో దిద్దుకుని, అక్కడి నుంచి 18-49 వయసు వాళ్ళకే ప్రకటనల వాళ్ళు ఎందుకంత ధర కడతారో చూద్దాం.