కారు సరే, సెల్లార్‌లో నిలబడిపోయిన లీటర్ బైక్ సంగతేంటి?

విజయవాడలో స్పోర్ట్స్ కారూ, లీటర్ బైకూ (వెయ్యి సీసీ, ఆ పైన ఇంజిన్ ఉన్నది) రెండూ ఉన్నవాళ్ల సెల్లార్‌లో వరస దాదాపు ఒకటే. కారు వారానికి ఒకసారైనా బయటికి వస్తుంది, బైక్ మాత్రం కవర్ కింద పడుంటుంది. రోహిణి కార్తెలోనూ ముసురు రోజుల్లోనూ అయితే నెలలే గడిచిపోతాయి. ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి గుంటూరు దాకా ఓ రౌండ్ వేసి రావాలంటే పని శనివారం సాయంత్రమే మొదలుపెట్టాలి.

ముందు బ్యాటరీ. కీ తీసేసినా రెండు బండ్లూ కరెంటు కొంచెం కొంచెంగా తాగుతూనే ఉంటాయి. కారులో అలారం, కీలెస్ వగైరా కలిపి 40 మిల్లీయాంప్స్ అనుకుంటే రోజుకు దాదాపు 1 ఏహెచ్ (యాంప్ అవర్, బ్యాటరీలో పట్టే కరెంటుకు కొలత), మూడు వారాలకు 20. 70 ఏహెచ్ బ్యాటరీ ఆ మాత్రం తట్టుకుంటుంది. బైక్‌లో ఉండేది 8.6 ఏహెచ్ సైజు బ్యాటరీ. దానికి జీపీఎస్ ట్రాకర్ తగిలించి ఉంటే, అది లాగేది 10 మిల్లీయాంప్సే అయినా మూడు వారాల్లో 5 ఏహెచ్ గోవిందా. అందుకే కారు ఠక్కున స్టార్టవుతుంది, బైక్ సెల్ఫ్ నొక్కితే రిలే టకటకమని ఊరుకుంటుంది.

మల్టీమీటర్ పెట్టి చూడండి. 12.6 వోల్టులు, ఆ పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు. 12.2 కంటే దిగితే రాత్రంతా ఛార్జింగ్ తప్పదు. 12.6 చూపించినా అప్పుడే సంబరపడొద్దు. సెల్ఫ్ నొక్కుతూ మీటర్ చూడాలి. అంకె 10 కిందికి జారిపోతే ఆ బ్యాటరీకి రోజులు దగ్గరపడ్డట్టే. ఛార్జర్ 1 యాంప్ లోపు ఉండాలి. కారు కోసం కొన్న 6 యాంప్స్ ఛార్జర్ తగిలిస్తే చిన్న బ్యాటరీ వేడెక్కి ఉబ్బుతుంది. లిథియం బ్యాటరీ వేయించినవాళ్లు లిథియం ఛార్జరే వాడాలి. కారు నుంచి జంప్ ఇవ్వాల్సి వస్తే కారు ఇంజిన్ ఆపేసి ఇవ్వండి, కారు బ్యాటరీ ఒక్కటే చాలు.

వారానికోసారి సెల్లార్‌లోనే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసే అలవాటు చాలామందికి ఉంది. దానివల్ల మేలు లేకపోగా కీడే ఎక్కువ. సెల్ఫ్ తాగిన కరెంటు ఐడిలింగ్‌లో తిరిగి రాదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కక ఆయిల్‌లోనూ సైలెన్సర్‌లోనూ తేమ మిగిలిపోతుంది. తీస్తే రోడ్డు మీద ఇరవై నిమిషాలు నడపండి, లేదంటే ఛార్జర్‌కి వదిలేయండి.

రెండు బండ్ల ఆయిల్ డబ్బాలూ ఒకే అరలో పెట్టే ఇంట్లో ఓ ప్రమాదం పొంచి ఉంటుంది. కారు ఆయిల్ ఎంత ఖరీదైనదైనా బైక్‌లో పోయకూడదు. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించడానికి కలిపే మందులు ఆ ప్లేట్లను జారేలా చేస్తాయి: రేజ్ చేస్తే ఆర్‌పీఎం ఎగురుతుంది, బండి మాత్రం కదలదు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని, అంటే ఇలాంటి క్లచ్‌కు సరిపడే ఆయిల్ అనే గుర్తు, ఉందో లేదో చూసుకోండి. బ్రేక్ ఆయిల్ బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకు మార్చాల్సిందే. గాలిలో తేమను అది పీల్చుకుంటూనే ఉంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. బ్రేకు వేడెక్కినకొద్దీ లివర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తుంటే కారణం చాలాసార్లు ఇదే.

టైరు గాలి కారు అలవాటులో "నాలుగింటికీ 33" అని చెప్పినట్టు చెప్పొద్దు. కవాసాకి జడ్‌ఎక్స్-10ఆర్, యమహా ఆర్1 లాంటి బైకులకు ముందు 36 పీఎస్‌ఐ, వెనక 42. సుజుకీ హయాబుసాకు రెండూ 42. మీ బండి లెక్క చైన్ దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. ఆ అంకెలు చల్లటి టైరుకు. బంకు దాకా వెళ్లేసరికి టైరు వేడెక్కుతుంది కాబట్టి గేజీ, చిన్న పంపు ఇంట్లోనే ఉండటం మేలు. 10 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 2 పీఎస్‌ఐ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం ఎక్కువ చూపించిందని గాలి తీసేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది. టైరు పక్కన నాలుగంకెలు చూడండి: 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. మన సెల్లార్లలో టైరు అరిగేలోపే గట్టిపడుతుంది. గాడులు కొత్తగా ఉన్నాయి కదా అని ఐదేళ్లు దాటినవాటిని నమ్మొద్దు.

ఇక రోడ్డెక్కాక. బెంజ్ సర్కిల్ నుంచి వారధి మీదుగా మంగళగిరి దాకా టైరు వేడెక్కడానికే అనుకోండి, మలుపుల్లో బండిని బాగా వంచొద్దు. ఆ కాసేపట్లోనే చేతులు కారు అలవాట్లు మర్చిపోవాలి. కారులో బ్రేక్ ఒక్కసారిగా తొక్కినా ఏబీఎస్ కాసుకుంటుంది. బైక్‌లో ముందు చక్రం బ్రేక్‌ను మొదట మెల్లగా పట్టి, ఫోర్క్ (ముందు చక్రం షాక్ అబ్జార్బర్లు) దిగాక గట్టిగా నొక్కాలి. మలుపులో బ్రేకు గట్టిగా పడితే బండి నిటారుగా లేచి బయటికి పోతుంది, అందుకే పనంతా మలుపుకు ముందే ముగించాలి. కారును లేన్ మధ్యలో నడిపినట్టు బైక్‌ను నడపొద్దు. సిగ్నళ్ల దగ్గర లారీల ఆయిల్ కారేది సరిగ్గా ఆ మధ్యలోనే. కార్లు, లారీల చక్రాలు తిరిగే గీతే శుభ్రంగా ఉంటుంది. కోతల కాలంలో సర్వీస్ రోడ్ల మీద మొక్కజొన్నో వడ్లో ఆరబోసి ఉంటాయి. వాటి మీద బ్రేక్ జోలికి పోకుండా నిటారుగా దాటేయాలి. సీజన్‌లో గుంటూరు మిర్చి యార్డు దరిదాపుల్లో వైజర్ దించుకోండి, ఘాటుకు కళ్లు మండితే రోడ్డే కనపడదు.

తిరిగొచ్చాక బండి వేడిగా ఉండగానే, ఇంజిన్ ఆపేసి, పాడాక్ స్టాండ్ (వెనక చక్రాన్ని పైకి లేపి నిలబెట్టేది) ఎక్కించి, వెనక చక్రం చేత్తో తిప్పుతూ చైన్‌ను కిరోసిన్‌తో తుడవండి. లూబ్ లోపలి వైపు నుంచి కొట్టి, పావుగంట ఆగి, మిగిలింది గుడ్డతో తీసేయండి. తర్వాత ఛార్జర్ క్లిప్పులు తగిలించాలి. కవర్ మాత్రం ఇంజిన్ చల్లారాకే.