మార్కోవ్ చైన్ లెక్కల్లో సగటు వ్యయం కట్టే విధానం

ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా నిర్వహించే సీఎస్2 అనే పరీక్ష పేపర్ సిలబస్‌లో మార్కోవ్ చైన్లు, అంటే తర్వాతి స్థితి ప్రస్తుత స్థితి మీద మాత్రమే ఆధారపడే సంభావ్యతా నమూనాలు, ఉన్నాయి. వాటిపై వచ్చే వ్యయపు లెక్కల్లో మాత్రికల (స్థితి మార్పుల సంభావ్యతలను వరుసలుగా పేర్చిన పట్టికల) గుణకారం కంటే, డబ్బు ఎప్పుడు, దేనికి చెల్లిస్తారో తేల్చుకోవడమే అసలు కష్టమని నా అభిప్రాయం. అందుకే కలం పట్టగానే ముందుగా ఆ రెండూ రాసుకోండి.

ఒక పాలసీని తీసుకుందాం. పాలసీదారు ఏ ఏడాదైనా ఆరోగ్యంగానో, అనారోగ్యంతోనో, మరణించిన స్థితిలోనో ఉంటాడు. ఆరోగ్యవంతుడు మరుసటి ఏటికి ఆ మూడు స్థితుల్లో ఉండే సంభావ్యతలు వరుసగా 0.8, 0.15, 0.05, రోగికైతే 0.3, 0.5, 0.2. మూడేళ్లపాటు ఏడాది చివర అనారోగ్యంతో ఉంటే రూ.10,000 చెల్లిస్తారు. ఏడాదికి డిస్కౌంట్ గుణకం 0.9, అంటే ఏడాది తర్వాత వచ్చే రూపాయికి నేటి విలువ 90 పైసలు. పాలసీదారు ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నాడు.

ఇక్కడ మాత్రికను మొత్తంగా ఘాతాలకు పెంచడం వృథా శ్రమ. ఆరంభ స్థితికి చెందిన ఒక్క అడ్డువరుసను ఏడాదికొకసారి మాత్రికతో గుణిస్తే చాలు. మొదటి ఏడాది చివర ఆ వరుస (0.8, 0.15, 0.05). రెండో ఏడాది చివర అనారోగ్యపు సంభావ్యత 0.8×0.15 + 0.15×0.5 = 0.195, ఆరోగ్యపుది 0.685. మూడో ఏటికి అనారోగ్యపుది 0.20025. వీటిని 0.9, 0.81, 0.729తో గుణించి కూడి, రూ.10,000తో హెచ్చిస్తే ప్రస్తుత విలువ దాదాపు రూ.4,389 వస్తుంది.

ప్రశ్నలో ఒక్క మాట మారినా లెక్క మారుతుంది. 'అనారోగ్యంతో ఉంటే' అన్నచోట 'ఆరోగ్యం నుంచి అనారోగ్యానికి మారితే' అని ఉంటే, అప్పటికే రోగిగా ఉన్నవారికి చెల్లింపు లేదు గనుక, రెండో ఏడాది 0.195 కాక 0.8×0.15 = 0.12 మాత్రమే, మూడో ఏడాది 0.685×0.15 = 0.10275 మాత్రమే తీసుకోవాలి. జవాబు సుమారు రూ.3,071కి తగ్గుతుంది. ఈ తేడా కోసం ప్రశ్నను రెండోసారి చదవడానికి వెచ్చించే అర నిమిషం ఎంతో విలువైనది.

మూడేళ్ల గడువు తీసేసి, మొదటి షరతు ప్రకారం జీవితాంతం చెల్లిస్తారంటే ఏడాదేడాదీ కూడుతూ పోనక్కరలేదు. ఆరోగ్యవంతుడి నుంచి మొదలయ్యే వ్యయాన్ని ఆ, రోగి నుంచి మొదలయ్యేదాన్ని రో అనుకుంటే:

ఆ = 0.9 [0.8 ఆ + 0.15 (10,000 + రో)]
రో = 0.9 [0.3 ఆ + 0.5 (10,000 + రో)]

మరణం తర్వాత చెల్లింపు లేదు కాబట్టి మూడో సమీకరణంతో పని లేదు. వీటిని సాధిస్తే ఆ దాదాపు రూ.11,484, రో దాదాపు రూ.13,820.