పన్నుకి క్యాప్ వేయించుకునేటప్పుడు చిగురు పాడవకుండా ఎలా చూసుకోవాలి?

విరిగిన పన్నుకో, రూట్ కెనాల్ అయిన పన్నుకో క్యాప్ వేయించుకునేటప్పుడు మనం అడిగేవి రెండే: రంగు కలుస్తుందా, ఎంతవుతుంది. చిగురు సంగతి ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. లోపల లోహం, పైన పింగాణీ ఉన్న క్యాప్ ముందు పన్నుకి వేయించుకున్నాను, కొన్నేళ్లకి చిగురు కాస్త వెనక్కి జరిగి అంచున నల్లగీత బయటపడింది. అప్పటి నుంచి ఫొటోల్లో మూతి బిగించే నవ్వుతున్నాను.

1. ముందు చిగురు నుంచి రక్తం రావడం ఆగాలి. వాచిన చిగురు మీద కొలత తీసుకుంటే, వాపు తగ్గాక క్యాప్ అంచు బయటికి కనపడుతుంది, పైగా రక్తం కారుతుంటే అచ్చు సరిగా రాదు. అందుకే స్కేలింగ్ (పళ్ల మీద పేరుకున్న గార తీయడం) చేయించుకుని, మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా తోముకుంటూ రెండు మూడు వారాలు ఆగండి. షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చుకోండి. సిగరెట్ తాగేవాళ్లకి చిగుళ్ల జబ్బు ఉన్నా రక్తం పెద్దగా రాదు, కాబట్టి రావట్లేదు కదా అని ధీమాగా ఉండకండి.

2. అసలు విషయం ఇది: క్యాప్ అంచు ఎక్కడ ఆగుతుందో డాక్టర్‌ని అడగండి. ఎముకకి పైన చిగురు పన్నుని అంటిపెట్టుకుని ఉండే భాగం సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుంది. క్యాప్ అంచు అందులోకి దూరితే మీరు ఎంత తోమినా చిగురు ఎర్రగా వాచే ఉంటుంది, లేదా ఎముక కరిగి చిగురు వెనక్కి పోతుంది. అందుకే ఎముకకీ అంచుకీ మధ్య 3 మిల్లీమీటర్లైనా వదలాలంటారు. దవడ పళ్లకి అంచు చిగురు బయటే ఉండనివ్వండి, ఎవరికీ కనపడదు, శుభ్రం చేసుకోవడమూ తేలిక. ముందు పళ్లకి అర మిల్లీమీటరు లోపలికి వెళ్తే చాలు.

3. పన్ను చిగురు కిందికి విరిగిపోతే, చిగురూ ఎముకా కాస్త తీసి పన్నుని పొడవు చేస్తారు, లేదంటే క్లిప్పులతో వేరుని బయటికి లాగుతారు. ముందు పన్నైతే రెండోదే మేలని నాకనిపిస్తుంది, ఎందుకంటే ఆపరేషన్‌లో పక్క పళ్ల చిగురు కూడా కొంత పోతుంది, అది మానాక శాశ్వతమైన క్యాప్ వేయడానికి మూడు నుంచి ఆరు నెలలు ఆగాల్సి రావచ్చు.

4. అసలు క్యాప్ తయారయ్యేదాకా పెట్టే తాత్కాలిక క్యాప్‌ని తేలిగ్గా తీసుకోకండి. దాని అంచు గరుకుగా ఉంటే అప్పటిదాకా పడ్డ శ్రమంతా వృథా. ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే దారం) వాడితే పైకి లాగకుండా పక్క నుంచి తీయండి, లేకపోతే క్యాప్ ఊడొస్తుంది.

5. నల్లగీత వద్దనుకుంటే జిర్కోనియా, అంటే లోపల లోహం లేని తెల్లటి గట్టి క్యాప్ అడగండి. అంచు తప్పుచోట పెడితే మాత్రం ఎంత ఖరీదైన జిర్కోనియా అయినా చిగురు వాస్తుంది.

6. అతికించిన రోజు చిగురు కింద సిమెంట్ ముక్కలు మిగలకుండా తీశారా అని అడగండి, అనుమానముంటే ఎక్స్‌రే తీయమనండి. తర్వాత వారాల్లో అక్కడ రక్తమో, దుర్వాసనో వస్తే అలవాటైపోతుందిలే అనుకోకుండా వెళ్లి చూపించుకోండి.