విదేశీ సైనిక సలహాదారులను పిలిచేటప్పుడు ఒప్పందంలో ఏం రాసుకోవాలి

బేరం జీతాల దగ్గర మొదలుపెట్టకండి. వచ్చినవాళ్లు ఏం చేస్తారో ముందు తేల్చాలి. "సలహా, శిక్షణ ఇస్తారు" అని రాసి ఊరుకుంటే చాలదు. "ఏ దళానికీ ఆదేశాలివ్వరు, పోరాటంలో పాల్గొనరు" అని కూడా ఉండాలి. "సహకరిస్తారు" అనే మాట కనిపిస్తే కొట్టేయండి, దాని కింద ఏదైనా పడుతుంది. 1913లో ఒట్టోమన్ ప్రభుత్వం జర్మన్ జనరల్ లిమాన్ ఫాన్ సాండర్స్‌కు ఇస్తాంబుల్‌లోని కోర్ (అనేక డివిజన్ల పెద్ద దళం) కమాండ్ కూడా అప్పగించింది. నల్లసముద్రం నుంచి బయటికి దారైన జలసంధుల పక్కన జర్మన్ కమాండరేమిటని రష్యా గొడవకు దిగింది. చివరికి 1914 జనవరిలో ఆయన్ను మార్షల్‌ను చేసి, అంత హోదాకు కోర్ తక్కువంటూ ఇన్‌స్పెక్టర్ జనరల్ పదవికి మార్చి బయటపడ్డారు.

సంఖ్య దగ్గర "సుమారు" వద్దు. గరిష్ఠ సంఖ్య, హోదాలు అనుబంధంలో ఉండాలి; కాంట్రాక్టు సిబ్బంది ఆ లెక్కలోకి వస్తారో రారో అక్కడే రాయండి.

అసలు పేచీ కేసుల దగ్గర. పంపే దేశం తమవాళ్లకు దౌత్య సంబంధాలపై 1961 వియన్నా ఒప్పందంలోని "పరిపాలనా, సాంకేతిక సిబ్బంది" హోదా ఇమ్మంటారు. వినడానికి గుమాస్తా హోదాలా ఉంటుంది. కానీ 37వ అధికరణం ప్రకారం క్రిమినల్ కేసుల నుంచి పూర్తి రక్షణ వస్తుంది, డ్యూటీలో ఉన్నా లేకున్నా. 1964లో ఇరాన్ పార్లమెంటు అమెరికన్ సలహాదారులకు ఇచ్చింది ఇదే. దాన్ని దుయ్యబట్టిన మతగురువు ఖొమైనీని దేశం నుంచి వెళ్లగొట్టారు, కోపం మాత్రం ఇరాన్‌లోనే ఉండిపోయింది. బదులుగా, ఒకరి దేశంలో ఉండే మరొకరి సైనికుల హోదాపై నాటో దేశాలు 1951లో చేసుకున్న ఒప్పందం ఏడో అధికరణం పద్ధతి అడగండి: డ్యూటీలో జరిగినవాటిపైనా, తమలో తాము చేసుకున్న నేరాలపైనా విచారణలో మొదటి హక్కు పంపిన దేశానిది, మిగతావాటిపై మీది.

అక్కడితో ఆగకూడదు. రాత్రి విందు నుంచి తిరిగొస్తూ సలహాదారు జీపు ఒక మనిషిని గుద్దింది. అతను డ్యూటీలో ఉన్నట్టా? ఆ ధ్రువపత్రం ఎవరిస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, మీరు కాదంటే ఎవరు తేలుస్తారు? ఈ మూడూ రాయకపోతే ఏడో అధికరణం పేరుకే.

ఖర్చుకు ఏటా గరిష్ఠ పరిమితి పెట్టండి. బకాయికి భూమిని గానీ, పన్నుల ఆదాయాన్ని గానీ హామీగా రాయొద్దు. 1798లో నిజాం ఫ్రెంచి అధికారుల కింది దళాన్ని రద్దుచేసి, ఈస్టిండియా కంపెనీ సైన్యానికి ఏటా 24,17,100 రూపాయలు ఒప్పుకున్నాడు. అది సలహా బృందం కాదు, నిజమే. కానీ 1800 కల్లా సైన్యం పెరిగి, నగదుకు బదులు బళ్లారి, కడప ప్రాంతాలు రాసివ్వాల్సి వచ్చింది. సీమకు దత్తమండలాలన్న పేరు అలా పడింది.

"మా అనుమతి లేకుండా మరో దేశం వాళ్లను పిలవకూడదు" అనే షరతు ఇరాన్ 1947లో అమెరికాతో చేసుకున్న ఒప్పందంలో ఉంది. అలాంటిది అడిగితే "ముందుగా తెలియజేస్తాం" దాకానే దిగండి.

రద్దుకు మూడు నెలల రాతపూర్వక నోటీసు చాలు, కారణం చెప్పాలన్న షరతు వద్దు. మనుషుల నిష్క్రమణను, పరికరాల నిర్వహణను వేర్వేరు క్లాజుల్లో రాయండి. 2024 మే 10లోగా భారత సైనికులు మాల్దీవులు వదిలి వెళ్లాల్సి వచ్చినప్పుడు, అక్కడి హెలికాప్టర్లను, డోర్నియర్ విమానాన్ని నడపడానికి భారత్ నుంచే సైనికేతర సాంకేతిక సిబ్బంది రావాల్సి వచ్చింది. మీ సిబ్బందికి ఎన్ని నెలల్లో ఆ పని నేర్పి అప్పగిస్తారో తేదీతో సహా మొదటి ముసాయిదాలోనే పెట్టండి.