పాత వా పెడల్ మరమ్మతు – 3వ పాఠం: ఆరు కాళ్లు చాలు

పోయిన పాఠంలో చెప్పిన పరీక్ష చేశారు కదా? గిటారును ఒకసారి నేరుగా ఆంప్లిఫైయర్‌కు, మరోసారి ఆఫ్‌లో ఉన్న వా పెడల్ (కాలితో ఊపితే గిటారు చేత వా-వా అనిపించే పెట్టె) గుండా కలిపి వాయించమన్నాను. రెండోసారి తీగల మీద దుప్పటి కప్పినట్టు వినిపించిందా? అయితే ఈ పాఠం మీకోసమే. నా బల్ల మీదున్న పెడల్‌ది కూడా అదే జబ్బు. గుంటూరులో చర్చి గాయక బృందానికి వాయించే ఒక తమ్ముడు దాన్ని బెజవాడ తెచ్చి, "అన్నయ్యా, ఆపేసినా ఇది గొంతు పట్టుకుంటోంది" అన్నాడు. జబ్బు పేరు అంతకంటే బాగా నేను చెప్పలేను.

1967లో వా పెడళ్లు మార్కెట్‌లోకి వచ్చినప్పటి నుంచి చాలాకాలం వాటిలో మూడు కాళ్ల (అంటే వైర్లు అతికే మూడు కొసల) స్విచ్చే ఉండేది. అది అవుట్‌పుట్‌ను మాత్రమే అటూ ఇటూ మారుస్తుంది. ఇన్‌పుట్ జాక్ (గిటారు కేబుల్ గుచ్చే చోటు) నుంచి సర్క్యూట్‌కు వెళ్లే వైరు ఎప్పుడూ కలిసే ఉంటుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లన్నీ బందరు కాలువకే వదలాలనుకుని ఏలూరు కాలువ తూము కూడా తెరిచి ఉంచితే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. ఆ తూము దగ్గర సాధారణంగా ఉండేది 68 కిలో ఓమ్‌ల రెసిస్టర్. గిటారు పికప్‌కు అది పెద్ద బరువు. పికప్ అంటే గిటారు తీగల కంపనాన్ని పట్టే వేల చుట్ల సన్నని తీగ. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఆ చుట్టలో అడ్డు పెరుగుతుంది కాబట్టి, బరువు పడగానే ముందు పోయేది ధ్వనిలోని మెరుపే.

మందు ఆరు కాళ్ల స్విచ్చు. అది ఇన్‌పుట్‌నూ అవుట్‌పుట్‌నూ రెండింటినీ ఒకేసారి మారుస్తుంది. బెజవాడ గవర్నర్‌పేట దుకాణాల్లో ఫుట్ స్విచ్ అని మాత్రమే అడిగితే కుట్టు మిషన్‌ది చేతిలో పెడతారు. డీపీడీటీ అనండి, ఆరు కాళ్ల స్విచ్చుకు అదే పేరు. నొక్కి వదిలినా నొక్కిన స్థితిలోనే నిలిచే రకం కావాలనండి. చాలామంది తొమ్మిది కాళ్లది కొని ఎల్‌ఈడీ కూడా పెట్టుకుంటారు. నాకది నచ్చదు. వా ఆన్‌లో ఉందో లేదో చెవికే తెలుస్తుంది. దీపం కోసం యాభై ఏళ్ల పెట్టెకు రంధ్రం చేయడానికి నాకు చెయ్యి రాదు.

టంకం వేసే ఐరన్ వేడి చేసే ముందు మల్టీమీటరును బీప్ (రెండు కొసలు కలిసి ఉంటే కూత పెట్టే అమరిక) మీద పెట్టండి. మూడేసి కాళ్ల వరుసలు రెండుంటాయి. నడిమి కాలి మీద ఒక ముల్లు ఉంచి రెండోదాన్ని అటు చివర, ఇటు చివర తాకించండి. ఒకవైపే కూత వస్తుంది. స్విచ్చు నొక్కితే కూత రెండో చివరకు మారుతుంది. రెండు వరుసలూ ఒకేవైపు మారాలి. ఒక చివరకు మార్కర్‌తో "ఆన్" అనీ, రెండోదానికి "ఆఫ్" అనీ రాయండి. ఇక్కడ పొరపడితే తర్వాత ఎంత అందంగా టంకం వేసినా వృథా.

పాత స్విచ్చు విప్పే ముందు దాని మర పెట్టె పైకి ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందో స్కేలుతో కొలిచి రాసుకోండి. కొత్తది అంతకంటే ఎత్తయితే కాలు పూర్తిగా దిగకముందే వా ఆగిపోతుంది. పల్లమైతే ఎంత తొక్కినా అందదు. లోపలి నట్టును తిప్పి సరిచేసుకోవచ్చు. పాత స్విచ్చును మాత్రం పారేయకండి, పొట్లం కట్టి దాచండి.

ఇక వైర్లు. ఇన్‌పుట్ జాక్ నుంచి సర్క్యూట్ బోర్డుకు నేరుగా వెళ్లే వైరును జాక్ దగ్గర ఊడదీయండి. అసలు పని ఇదే. ఆ వైరు మొదటి వరుస "ఆన్" కాలికి, జాక్ నుంచి వచ్చే వైరు అదే వరుస నడిమి కాలికి. రెండో వరుస నడిమి కాలు అవుట్‌పుట్ జాక్‌కు, "ఆన్" కాలు బోర్డు అవుట్‌పుట్‌కు. రెండు "ఆఫ్" కాళ్లను చిన్న తీగముక్కతో కలిపేయండి.

టంకం వేసేటప్పుడు ఫ్యాను ఆపాలి. మే నెల బెజవాడలో ఇది శిక్షే, కానీ గాలి తగిలితే ఐరన్ మొన చల్లబడి టంకం సరిగా పట్టదు. వైరు కొసకు ముందే టంకం పూసి, కాలి మీద రెండు సెకన్లకు మించకుండా ఐరన్ ఆనించండి. ఒక కాలు అయ్యాక పక్కదాన్ని కాక ఎదురు మూలది అందుకోండి. నా మొదటి స్విచ్చు మీద పట్టుదలగా పది సెకన్లు ఆనించాను. పైకి బాగానే ఉంది, లోపల ప్లాస్టిక్ కరిగి ఒక వరుస మూగబోయింది.

అన్నీ కలిపాక స్విచ్చు నొక్కితే "టప్" అని పేలవచ్చు. ఆఫ్‌లో ఉన్నప్పుడు బోర్డు ఇన్‌పుట్ కెపాసిటర్ ఒక కొస గాలిలో వేలాడుతుంది. అక్కడ చేరిన విద్యుదావేశం ఆన్ చేయగానే ఒక్కసారిగా బయటికి దూకుతుంది. మొదటి వరుస "ఆన్" కాలి నుంచి గ్రౌండ్‌కు ఒక మెగా ఓమ్ రెసిస్టర్ వేస్తే ఆ ఆవేశం చడీచప్పుడు లేకుండా దిగిపోతుంది. గుంటూరు పెడల్‌కు వేశాను, టప్పు పోయింది. ఇప్పుడు ఆఫ్‌లో దానికీ ఉత్త కేబుల్‌కూ తేడా వినిపించడం లేదు. ఆన్ చేసి పాదం కదిపితే మాత్రం ఇంకా గరగర వస్తోంది. అది పొటెన్షియోమీటరు (పాదంతో పాటు తిరిగే రెసిస్టర్) సంగతి, వచ్చే పాఠంలో దాన్ని విప్పుదాం.