డిసెంబర్ పూలకు దసరా ముందు కత్తెర పెట్టకండి

ఆల్ప్స్ కొండల్ల మంచులో పూసే హెదర్ మొక్క కోసం మనోళ్లు కూడా ఆన్‌లైన్‌ల వెతుకుతున్నరు. వరంగల్‌ల మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతది, దానికి అది ఆగదు. చలికాలం పూలకు మనకు డిసెంబర్ పూలున్నయి కదా! ఊదా, తెలుపు, గులాబీ. వాసన ఉండదు గానీ కనకాంబరంతో కలిపి కడితే దండ ఎంత ముద్దుగుంటదో.

గుబురైందని దసరా ముందు కొమ్మలు కొట్టొద్దు. మొగ్గలన్నీ కొమ్మల చివర్లల్ల, ఆకుల పంగల్లనే వస్తయి. పూత అయిపోయినంక, జనవరి ఆఖర్ల, సగానికి కత్తిరించండి. వానలు పడంగనే జానెడు కొమ్మ నాటితే వేరు పడుతది. గుట్టల పొంటి పసుపుపచ్చగ పూసే ముళ్ళగోరింట కూడా దీని చుట్టమే, కంచెకు బాగుంటది.