లినక్స్ లేవకపోతే - 3వ భాగం: ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతే

నేరుగా ఈ భాగానికే వచ్చినవాళ్లకు ఒక్క ముక్క: మెషీన్ ఆన్ చేస్తే ముందు యూఈఎఫ్ఐ (మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్), తర్వాత గ్రబ్ (బూట్ మెనూ చూపేది), గ్రబ్ లోడ్ చేసే కెర్నల్ (లినక్స్ గుండెకాయ), ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (అసలు డిస్క్ అందేదాకా వాడే తాత్కాలిక ఫైల్ సిస్టమ్), ఆపైన సిస్టమ్‌డీ (మిగతావన్నీ మొదలుపెట్టేది), చివరికి లాగిన్ స్క్రీన్, ఇదీ వరస. ఎక్కడ ఆగిందో తేలకుండా దేన్నీ బాగుచేయడానికి దిగొద్దు. గ్రబ్ మెనూ వచ్చి, కెర్నల్ కూడా మొదలయ్యాక ఆగిన మెషీన్‌లో గ్రబ్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమంటే బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమే.

ఈసారి మన కేసు ఇది. స్క్రీన్ మీద లైన్లు గబగబా పోతాయి, ఒకచోట 'ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్ ఫర్' అని వచ్చి పక్కన సెకన్లు లెక్కపెడుతూ ఉంటుంది, మామూలుగా 90 సెకన్లు, అది అయిపోగానే 'యు ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్' అంటుంది. చాలామంది ఇక్కడ డేటా మొత్తం పోయిందని టెన్షన్ పడి పెన్‌డ్రైవ్ తీసి కొత్తగా ఇన్‌స్టాల్ చేసేస్తారు. అసలు జరిగేది చాలావరకు చిన్న విషయం. ఈటీసీ ఫోల్డర్‌లో ఎఫ్ఎస్‌ట్యాబ్ అనే ఫైలుంది, బూట్ అయ్యేటప్పుడు ఏ పార్టిషన్‌ని (డిస్క్‌లో ఒక భాగాన్ని) ఎక్కడ మౌంట్ చేయాలో, అంటే ఏ ఫోల్డర్‌కి తగిలించాలో, అందులో ఉంటుంది. అందులో రాసిన పార్టిషన్ ఒకటి కనిపించకపోతే సిస్టమ్‌డీ దాని కోసం ఎదురుచూసి, రాకపోతే అక్కడే ఆపేస్తుంది. పాత రెండో డిస్క్ పీకేసినా, పార్టిషన్‌ని ఫార్మాట్ చేసినా (ఫార్మాట్ చేస్తే యూయూఐడీ, అంటే దాని గుర్తింపు కోడ్, మారిపోతుంది), ఆ ఫైల్లో ఒక్క అక్షరం తప్పు కొట్టినా ఇదే గతి. స్వాప్ పార్టిషన్ (ర్యామ్ చాలకపోతే వాడుకునే చోటు) కనిపించకపోతే మాత్రం 90 సెకన్లు తినేసి, తర్వాత మామూలుగానే లేస్తుంది.

సెకన్లు లెక్కపెడుతున్నప్పుడే ఫోన్‌తో ఆ లైన్ ఫొటో తీసుకోండి, ఎవరి కోసం ఎదురుచూస్తోందో దాని యూయూఐడీ అక్కడే కనిపిస్తుంది.

ఇక లోపలికి. రూట్ (అడ్మిన్ అకౌంట్) పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వండి, ఉబుంటులో అయితే ఎంటర్ కొడితే చాలు. కొన్నింటిలో రూట్ అకౌంట్ లాక్ అయి ఉందని చెప్పి లోపలికి రానివ్వదు, అప్పుడు లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి, డిస్క్‌లోని రూట్ పార్టిషన్‌ని (సిస్టమ్ ఉన్నదాన్ని) మౌంట్ చేసి, అందులోని ఎఫ్ఎస్‌ట్యాబ్‌ని దిద్దాలి. లైవ్ సిస్టమ్‌కీ సొంత ఎఫ్ఎస్‌ట్యాబ్ ఉంటుంది, అది దిద్ది ఏం మారలేదేమిటని తల పట్టుకోకండి. ఫెడోరా లాంటివాటిలో బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఉంటే ఈటీసీ నేరుగా కనిపించదు, రూట్ అనే ఫోల్డర్ లోపల వెతకండి.

లోపలికి వెళ్లాక ముందు 'జర్నల్‌సీటీఎల్ -బి -పి ఎర్' కొట్టండి (కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టైపు చేసేది ఇంగ్లిష్ చిన్నక్షరాల్లోనే, 'ఎర్' అంటే ఇ-ఆర్-ఆర్). ఈ బూట్‌లో వచ్చిన తప్పులే చూపిస్తుంది. 'టైమ్డ్ అవుట్ వెయిటింగ్ ఫర్ డివైస్' అనే లైన్ దొరికిందా, దొంగ దొరికినట్టే. ఆ తర్వాత 'బీఎల్‌కేఐడీ' కొడితే ఇప్పుడు నిజంగా ఉన్న పార్టిషన్లన్నీ యూయూఐడీలతో వస్తాయి. ఎఫ్ఎస్‌ట్యాబ్‌ని నానో ఎడిటర్‌లో తెరిచి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఒక్కో లైన్‌లో ఆరు గడులుంటాయి: డివైస్, ఎక్కడ మౌంట్ కావాలి, ఫైల్ సిస్టమ్ రకం, ఆప్షన్లు, చివర రెండు అంకెలు. మనకు కావాల్సింది మొదటిదీ నాలుగోదీ. యూయూఐడీ మారితే కొత్తది రాయండి, డిస్కే లేకపోతే లైన్ మొదట హ్యాష్ గుర్తు పెట్టి ఊరుకోండి, చెరిపేయొద్దు, రేపు అవసరం పడొచ్చు. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లాగా ఒకరోజు ఉండి ఒకరోజు ఉండనివాటికి నాలుగో గడిలో కామా పెట్టి 'నోఫెయిల్' చేర్చండి. నా మాటగా అయితే, రూట్ కాని ప్రతి డేటా డిస్క్‌కీ ఇది ఉండాల్సిందే. పాటలు పెట్టుకున్న డిస్క్ రాలేదని మెషీనంతా ఆగిపోవడం ఏం న్యాయం?

సేవ్ కావడం లేదు, రీడ్-ఓన్లీ అంటోందా? 'మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /' కొట్టి మళ్లీ ప్రయత్నించండి.

వెంటనే రీబూట్ చేయకండి. 'ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై' ఫైల్లో తప్పులుంటే చెబుతుంది. తర్వాత 'సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్' (సిస్టమ్‌డీ ఫైల్ని మళ్లీ చదువుతుంది), ఆపైన 'మౌంట్ -ఎ' (ఫైల్లో ఉన్నవాటిని మౌంట్ చేసి చూస్తుంది). ఏమీ అనకుండా ప్రాంప్ట్ తిరిగొస్తే రీబూట్ చేయొచ్చు.

ఎఫ్ఎస్‌ట్యాబ్ సరిగ్గానే ఉంది, డిస్క్ మాత్రం బీఎల్‌కేఐడీలో గానీ, డిస్కుల జాబితా చూపే 'ఎల్ఎస్‌బీఎల్‌కే'లో గానీ కనిపించడం లేదంటే అది కేబులో డిస్కో, ఫైళ్లు దిద్ది లాభం లేదు. కనిపిస్తున్నా మౌంట్ కానంటే ఫైల్ సిస్టమ్ దెబ్బతిని ఉండొచ్చు, దానికి ఎఫ్ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ని పరీక్షించి బాగుచేసే కమాండ్) వాడాలి, మౌంట్ అయి ఉన్న పార్టిషన్ మీద మాత్రం ఎప్పుడూ నడపొద్దు. దాని సంగతి వచ్చే భాగంలో, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ప్రాంప్ట్‌తో కలిపి.

ఈలోగా అభ్యాసం: వర్చువల్ మెషీన్‌లో చిన్న రెండో డిస్క్ చేర్చి, ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో రాయండి. షట్‌డౌన్ చేసి ఆ డిస్క్ తీసేసి బూట్ చేయండి. ఎమర్జెన్సీ మోడ్ వస్తుంది. పైన చెప్పినట్టు బయటపడ్డాక, అదే లైన్‌కి నోఫెయిల్ చేర్చి, డిస్క్ లేకుండానే ఇంకోసారి బూట్ చేసి తేడా చూడండి.